తరగరియు తరగును: ఆన్‌లైన్ షేరు బ్రోకర్ల రుసుములు, సేవలు
(సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మన వార్షిక మహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకవర్గమువారు నన్నాజ్ఞాపించినపుడు, సంస్కృతము చెప్పి బ్రతికినవాడను గావున ఏ కావ్యమును గూర్చియో, ఏ ధర్మసూక్ష్మమును గూర్చియో ప్రసంగింతునని తలచియుందురు. నేనెన్నుకొన్న విషయము వేఱు. మన పక్షమున షేర్లు కొనియు అమ్మియు పెట్టెడి ఆన్‌లైన్ బ్రోకరు సంస్థలలో ఎవరి రుసుమెంత, ఎవరి సేవ యెట్టిది, వారిని సరిపోల్చి చూచు విధమేది అనునది నా విషయము. ముప్పదియైదేండ్లు శబ్దమంజరి వల్లెవేయించిన పంతులునకు షేరుమార్కెటుతో పనియేమని కొందఱు చిఱునవ్వు నవ్వుట గమనించుచున్నాను.

పని కలదు. మన పెద్దల కాలమున మిగిలిన రూపాయ పొలముగనో, బంగారముగనో, పోస్టాఫీసు పత్రముగనో మాఱెడిది. పొలమును కన్నులార చూడవచ్చును. బంగారమును బీరువాలో పెట్టి తాళము వేయవచ్చును. నేడన్ననో, ఉద్యోగవిరమణ చేసినవాని గ్రాట్యుటీ సొమ్మును, కుమారుని మొదటి జీతమును అఱచేతిలోని ఫోనుగుండ ఒక్క నిమిషమున షేర్లుగ మాఱిపోవుచున్నవి. ఆ ఫోనునకును మన సొమ్మునకును నడుమ నిలిచినవాడు బ్రోకరు. ఆతనిని గూర్చి మనలో ఎందఱు విచారించిరి? పెండ్లిసంబంధమునకు ఏడు తరములు విచారించు మనము, జన్మార్జితమును అప్పగించునపుడు ప్రకటన చూచి వ్రేలు నొక్కుచున్నాము. కావున ఈ ప్రసంగము.

మన భాషలో బ్రోకరునకు మంచిమాట యొకటి కలదు, తరగరి యని. ఆతడు పుచ్చుకొను ప్రతిఫలము తరగు. ధాన్యపు కాటాలవద్ద తూకములో కోసివేయు తరుగును మీరెల్లరు నెఱుగుదురు. తరగునకును తరుగునకును నిఘంటువులో భేదము కలదు గాని, అజాగ్రత్తపరుని మూటలో ఆ భేదము కనబడదు.

ఈ వృత్తి నూతనము గాదు. బొంబాయిలో షేరు బ్రోకర్ల సంఘము 1875లోనే యేర్పడినది. మన హైదరాబాదునందును 1943లో స్టాక్ ఎక్స్చేంజి నెలకొని, అఱువదేండ్లకు పైగ జీవించి, 2007లో గుర్తింపును గోల్పోయినది. ఆ కాలమున కాగితపు షేరుపత్రములుండెడివి. బదిలీపత్రముపై సంతకము కలియలేదని నెలలతరబడి త్రిప్పుచుండిరి. 1996లో డిపాజిటరీల చట్టము వచ్చి పత్రము పోయి ఖాతా వచ్చినది. దానినే డీమ్యాట్ ఖాతా యందురు. 2000వ సంవత్సరమున ఇంటర్నెట్టుద్వారా క్రయవిక్రయములకు సెబీ అనుమతించినది. 2010లో బెంగుళూరున జీరోధా అను సంస్థ వెలసి, విలువపై నూటికింతయని గాక ఆర్డరునకింతయని పుచ్చుకొను పద్ధతిని వ్యాపింపజేసినది. 2023 జనవరి 27వ తేదీనుండి అన్ని కంపెనీల షేర్లకును కొన్న మఱునాడే లెక్క పరిష్కారమగుచున్నది. సంతకము కలియలేదని ఆఱునెలలు తిరిగిన మన పూర్వులకు ఇది ఇంద్రజాలమే.

ఇక విషయమునకు వత్తము. సంస్కృతమున యోగక్షేమములను జంటపదము కలదు. ఉత్తరములలో ‘మీ యోగక్షేమములు వ్రాయవలెను’ అని మనము యథాలాపముగ వ్రాయుచుందుము. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. తరగరిని పరీక్షించుటకును ఈ రెండే కొలతలు. రుసుము యోగమునకు సంబంధించినది. అది తక్కువైన సంపాదన మిగులును. సేవ క్షేమమునకు సంబంధించినది. అది చక్కనైన సంపాదించినది నిలుచును. లోకులు మొదటిదానినే విచారించి రెండవదానిని విడుచుచున్నారు. రెండును విచారింపవలయుననుటయే నా మనవి.

మొదట రుసుము సంగతి. షేరు కొన్నపుడును అమ్మినపుడును మననుండి పోవు సొమ్ము మూడు పాళ్లు. ఒకటి ప్రభుత్వమునకు పోవునది. రెండవది ఎక్స్చేంజికిని, డిపాజిటరీకిని, సెబీకిని పోవునది. మూడవది తరగరికి పోవునది. ఇందు మొదటి పాలు, తరగరి పుచ్చుకొనుదానిపై పడు జీఎస్టీ తప్ప, ఏ సంస్థవద్దకేగినను ఒక్కటియే. రెండవదానిలో ఎక్స్చేంజి రుసుము 2024 అక్టోబరు 1వ తేదీనుండి బ్రోకర్లందఱికి నొక్కటియే. అంతకుముందు వ్యాపారము హెచ్చుగ చేయించిన బ్రోకరునకు ఎక్స్చేంజి తక్కువ వేయుటయు, ఆతడు ఖాతాదారునివద్ద పూర్తిగ వసూలుచేసి భేదమును మిగుల్చుకొనుటయు నుండెడిది. మననుండి పుచ్చుకొన్నది ఎక్స్చేంజికి చేరవలసినదానితో సరిగా సరిపోవలెనని సెబీ శాసించుటచే ఆ పద్ధతి యడుగంటినది.

లెక్క చూపక మాటలు చెప్పుట ఉపాధ్యాయ లక్షణము గాదు. ఒక గృహస్థు లక్షరూపాయల షేర్లు కొని, కొన్నాళ్లుంచుకొని, అదే ధరకు అమ్మెననుకొందము. సెక్యూరిటీల లావాదేవీల పన్ను నూటికి పదిపైసల చొప్పున కొన్నపుడు రూ. 100, అమ్మినపుడు రూ. 100. స్టాంపుసుంకము కొన్నపుడు మాత్రము రూ. 15. ఎక్స్చేంజి రుసుము రెండుమార్లకు రమారమి రూ. 6. సెబీ రుసుము కోటికి పదిరూపాయలు గావున ఇచ్చట 20 పైసలు. ఈ చివరి రెంటిపై నూటికి 18 వంతున జీఎస్టీ రూపాయకు పైచిలుకు. అమ్మినపుడు డీమ్యాట్ ఖాతానుండి షేర్లు తీసినందులకు మఱియొక రుసుము కలదు. ఇందు సీడీఎస్‌ఎల్ అను డిపాజిటరీ పుచ్చుకొనునది రూ. 3.50, దానిపై బ్రోకరు తన భాగము కలుపుకొనును. జీరోధా పట్టికలో ఇది పన్నుతో గూడ రూ. 15.34. మొత్తము కూడిన సుమారు రూ. 238 అగును. తరగు ఒక్క పైసయు లేనిచోటను ఇంత తప్పదన్నమాట.

ఇప్పుడు తరగు చేర్పుడు. నిలువయుంచుకొను షేర్లపై తరగు లేని సంస్థలో ఆ రూ. 238 తోనే సరి. ఆర్డరునకు ఇరువది రూపాయలు పుచ్చుకొనుచోట రెండు ఆర్డర్లకు నలుబది, దానిపై జీఎస్టీ రూ. 7.20 చేరి మొత్తము రూ. 285. విలువపై నూటికి అర్ధరూపాయ పుచ్చుకొను పాతపద్ధతి సంస్థలో కొన్నపుడు ఐదువందలు, అమ్మినపుడు ఐదువందలు, జీఎస్టీ నూటయెనుబది, మొత్తము రూ. 1,418. అదే షేరు, అదే ధర, అదే దినము. ఒకనికి 238, ఒకనికి 1,418. ఈ భేదమును తెలిసికొనకుండ సంతకము చేయుట బుద్ధిమంతుల లక్షణము గాదు.

అయినను తక్కువ రుసుమను మాట అందఱికిని ఒకే యర్థము నీయదు. నూటికింతయను పద్ధతి పెద్ద మొత్తమువానికి భారము. ఆర్డరునకింతయను పద్ధతి చిన్న మొత్తమువానికి భారము. కళాశాలలో చదువుకొను బాలుడు ఐదువందల రూపాయల షేరును అమ్మెననుకొనుడు. ఖాతానుండి తీసిన రుసుము రూ. 15.34 అనగా నూటికి మూడు రూపాయలకు పైమాట. లక్షరూపాయలవానికి కంటికి కానరాని రుసుము ఆ బాలునికి మూడు నెలల పొదుపుఖాతా వడ్డీకంటె ఎక్కువ. కావున తనవంటివానికి ఎంత పడునో ఎవనికి వాడు లెక్క వేసికొనవలయునుగాని, ప్రకటనలోని సున్నను చూచి సంతసింపరాదు.

ఆ సున్నను గూర్చి మఱికొంత చెప్పవలసియున్నది. జీరోధా 2015 డిసెంబరులో నిలువయుంచుకొను షేర్లపై తరగును రద్దుచేసినది. ఇతరులును ఆ బాట పట్టిరి. ఏంజెల్ వన్ అట్లే కొన్నాళ్లు నడపి, 2024 నవంబరు 1వ తేదీనుండి ఆర్డరునకు ఇరువది రూపాయలుగాని, విలువలో నూటికి పదిపైసలుగాని, ఏది తక్కువయో అది పుచ్చుకొననారంభించినది. ఇందు తప్పుపట్టవలసినది లేదు. ముందుగా చెప్పి పుచ్చుకొను రుసుము ధర్మవిరుద్ధము గాదు. మనము గ్రహింపవలసినదేమనగా, రుసుముపట్టిక శిలాశాసనము గాదు. ఖాతా తెఱచిననాటి పట్టిక నేటిది గాకపోవచ్చును. ఉగాదినాడు పంచాంగము విన్నట్లు ఏటికొకమారైన దానిని చదువవలయును.

తరగు పుచ్చుకొననివాడు ఎట్లు బ్రతుకుచున్నాడని ప్రశ్నింపవలయును గదా! దినములోనే కొని అమ్ము వ్యాపారముపైనను, ఫ్యూచర్లు ఆప్షన్లపైనను ఆర్డరునకింతయని వచ్చునది యొక యాదాయము. షేర్లు కొనుటకు మనకు అప్పిచ్చి పుచ్చుకొను వడ్డీ వేఱొక యాదాయము. ఖాతా నిర్వహణ రుసుము మఱొకటి. కావున కొని పదేండ్లు కదలకుండ కూర్చున్నవాడు బ్రోకరునకు లాభకరుడు గాడు. గడియగడియకు కొని అమ్మువాడే లాభకరుడు. ఫోను మాటిమాటికి మ్రోగి ‘నేటి యవకాశము’ను జ్ఞాపకము చేయునపుడు ఈ సూత్రమును జ్ఞాపకముంచుకొనుడు.

యువకులారా! ఇచ్చట మీతో ప్రత్యేకముగ నొక లెక్క చెప్పెదను. దినమునకు పది ఆర్డర్లు వేయువాడు ఇరువది రూపాయల చొప్పున రెండువందలు, జీఎస్టీతో రూ. 236 చెల్లించును. నెలకు ఇరువది దినములకు రూ. 4,720. ఏడాదికి రూ. 56,640. వాని మూలధనము లక్షరూపాయలైనచో, ఏడాదిలో సగముకంటె హెచ్చు తరగునకే తరగిపోవును. ఇతర పన్నులు వేఱు. ఇరువది రూపాయలేకదా యనుకొనిన యిరువది రూపాయల మహిమ యిది. సెబీవారు 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2021-22 మొదలు 2023-24 వఱకు మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్లు ఆప్షన్ల వ్యాపారము చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. వారందఱి నష్టము కలిసి 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. 2023-24లో ఒక్కొక్కడు ఖర్చులక్రింద చెల్లించినది సగటున రూ. 26,000, మూడేండ్ల ఖర్చులన్నిటిలో సగమునకు పైగ బ్రోకర్ల తరగే. నూటికి తొంబదిముగ్గురు తప్పు పరీక్షను నా విద్యార్థులకు పెట్టియుండిన, తల్లిదండ్రులు పాఠశాలను మూయించియుందురు.

ఇక ఖాతానిర్వహణ రుసుము. చిన్న ఖాతాదారులకొఱకు బేసిక్ సర్వీసెస్ డీమ్యాట్ అను వెసులుబాటు కలదు. 2024 సెప్టెంబరు 1వ తేదీనుండి వచ్చిన నియమము ప్రకారము, దేశమంతట ఒక్క డీమ్యాట్ ఖాతాయే గలవానికి, అందలి షేర్ల విలువ నాలుగు లక్షలవఱకైనచో వార్షిక రుసుము లేదు. నాలుగునుండి పది లక్షలవఱకైన ఏటికి నూఱు రూపాయలు. మనలో అనేకులు బహుమానములకు, మిత్రుల మొగమాటమునకు లోనై మూడు నాలుగు ఖాతాలు తెఱచి ఈ వెసులుబాటును పోగొట్టుకొనుచున్నారు. అక్కఱలేని ఖాతాను మూసివేయుడు. మూయుట యెంత సులభమో, ఎంత కష్టమో చూచినచో ఆ సంస్థ సేవాగుణముకూడ తెలిసిపోవును.

ఇంతవఱకు యోగము. ఇప్పుడు క్షేమము.

హైదరాబాదును కేంద్రముగ చేసికొని దేశమంతట శాఖలు గలిగి, మన జిల్లాపట్టణములందలి వీథులలోగూడ పేరుపలక గలిగిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థను మీరు మఱచియుండరు. ఖాతాదారుల షేర్లను కుదువబెట్టి సొంతమునకు అప్పులు తెచ్చెనని సెబీ 2019 నవంబరు 22వ తేదీన ఉత్తర్వు జారీచేసినది. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీయే ఆ దుర్వినియోగమునకు ద్వారమైనది. డిసెంబరులో సుమారు 83 వేలమంది షేర్లు వారి ఖాతాలకు తిరిగి చేరినవి. మిగిలినవారి యవస్థ దీర్ఘమైనది. 2020 నవంబరులో నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి ఆ సంస్థను బహిష్కరించినది. 2023 ఏప్రిలులో సెబీ దానిని, దాని యధ్యక్షుని ఏడేండ్లు మార్కెటునుండి నిషేధించినది. ఆ ఖాతాదారులలో నెవ్వడును తక్కువ రుసుమునకు ఆశపడి చెడినవాడు గాడు. పెద్దపేరు, దగ్గఱి శాఖ, ఎఱిగిన ముఖము చూచి నమ్మినవారే. కావున పేరు పెద్దదైన క్షేమము తప్పదను భ్రమ వలదు.

అటుపిమ్మట నిబంధనలు గట్టిపడినవి. 2020 సెప్టెంబరునుండి తాకట్టుకై షేర్లు బ్రోకరు ఖాతాలోనికి పోవు పద్ధతి నిలిచి, అవి మన ఖాతాలోనే యుండగ తాకట్టు గుర్తువేయు పద్ధతి వచ్చినది. 2022లో పవర్ ఆఫ్ అటార్నీకి బదులుగ, నియతకార్యములకు మాత్రమే పరిమితమైన డీడీపీఐ యను పత్రము వచ్చినది. అదియు నిర్బంధము గాదు; ఈయనివాడు అమ్మునపుడెల్ల రహస్యసంఖ్య నిచ్చి ఆమోదింపవచ్చును. కాని చట్టము కావలి కాయుచున్నదని యజమాని నిద్రింపరాదు. డిపాజిటరీ నేరుగా మనకు పంపు ఖాతావివరణమును బ్రోకరు యాప్‌లో కనబడు లెక్కతో నెలకొకమారు సరిచూచుకొనుడు. బ్రోకరు చూపునది బ్రోకరు మాట. డిపాజిటరీ చూపునది సాక్షి మాట. రెండును కలిసిన భయము లేదు.

ఇక నిత్యసేవ. దీనిని ఖాతా తెఱువకముందే పరీక్షింపవచ్చును. మొదట, ఫోను చేసి చూడుడు. మనుష్యుడు పలుకునా, యంత్రమే పలుకునా? తెలుగున పలుకువాడున్నాడా? రెండవది, వ్రాతపూర్వకముగ నొక ప్రశ్న పంపుడు: ‘నేను వేయి రూపాయల షేరు కొని అమ్మిన మొత్తము ఎంత ఖర్చగును?’ అని. సూటిగ సంఖ్య చెప్పినవాడు ఉత్తముడు. పట్టిక చూచుకొమ్మన్నవాడు మధ్యముడు. ‘ముందు ఖాతా తెఱువుడు, పిమ్మట చెప్పెదము’ అన్నవాడు త్యాజ్యుడు. మూడవది, మార్కెటు మిక్కిలి చలించు దినమున యాప్ నిలిచిపోయిన ప్రత్యామ్నాయమేమని అడుగుడు. సాంకేతిక యంతరాయములను గూర్చి 2022 నవంబరులో సెబీ నియమములు చేసినది. ఐనను యంత్రము యంత్రమే. ఫోనుద్వారా ఆర్డరు వేయు సంఖ్య ఏది, దానికి వేఱు రుసుమెంత యని ముందే వ్రాసియుంచుకొనుడు. జీరోధావంటి సంస్థలో ఫోను ఆర్డరునకు ఏబది రూపాయలు, పన్ను అదనము. నాల్గవది, ప్రతి బ్రోకరును తనపై వచ్చిన ఫిర్యాదుల సంఖ్యను నెలనెల తన వెబ్‌సైటున ప్రకటింపవలయును. దానిని చదువుడు. వట్టి సంఖ్యను చూడవలదు. కోటిమంది ఖాతాదారులున్నవానికి నూఱు ఫిర్యాదులు స్వల్పము, వేయిమంది యున్నవానికి నూఱు ఘోరము. పదివేల ఖాతాలకెన్నియని భాగించి పోల్చుడు.

మఱి, తక్కువ రుసుము సంస్థలు మేలా? బ్యాంకులకు చేరిన ఐసీఐసీఐ డైరెక్ట్, హెచ్‌డీఎఫ్‌సీ సెక్యూరిటీస్, కోటక్ సెక్యూరిటీస్ వంటివి మేలా? నన్నడిగినవారికి నేను చెప్పునది యిది. ఫోను వాడుక తెలిసి, తన నిర్ణయము తానే చేసికొని, అప్పుడప్పుడు కొని దీర్ఘకాలముంచుకొనువానికి తక్కువ రుసుము సంస్థ చాలును. బ్యాంకుఖాతా, డీమ్యాట్ ఖాతా ఒక్కచోటనుండవలెననియు, కష్టము వచ్చినపుడు వెళ్లి కూర్చుండుటకొక కుర్చీ కావలెననియు కోరు వృద్ధునికి హెచ్చు రుసుము దండుగ గాదు. అది సేవకు వెల. కాని ఆ కుర్చీ నిజముగ నున్నదో లేదో ముందు పోయి చూచి రావలయును. మఱియు, ఆ కార్యాలయమున మనకు సలహా చెప్పు ఉద్యోగికి నెలకింత వ్యాపారము తేవలెనను లక్ష్యముండును. అమ్మువాని సలహా అమ్మకములో భాగమే. హెచ్చు రుసుమిచ్చి హెచ్చు క్రయవిక్రయములకు లోనగుట రెండంచుల కత్తిని చేతులార పట్టుకొనుటయే.

సేవలో కడపటి పరీక్ష యజమాని మరణించినపుడు జరుగును. అమంగళమని ఎవ్వరు నీ మాట యెత్తరు, నేనెత్తెదను. మన సంఘకుటుంబములలోనే యొకచోట, ఇంటాయన హఠాత్తుగ పోయిన పిదప, ఆయనకు షేర్లున్నవని భార్యకు ఏడాదివఱకు తెలియదు. ఫోను తాళము తెలియదు. ఏ సంస్థయో తెలియదు. ఎట్టకేలకు కనుగొన్న పిదప నామినీ పేరు లేదు. వారసత్వపత్రము, అఫిడవిట్లు, సంతకముల ధ్రువీకరణము, తిరిగి పంపివేయబడిన దరఖాస్తులు. ఆ సంస్థకు ఫోను చేసిన ప్రతిసారి క్రొత్తవాడు పలుకుట, ఆమె మొదటినుండి కథ చెప్పుట. అక్షరాస్యురాలైన ఆమెకే అంత కష్టమైనచో, తక్కినవారి గతి యేమి? నామినీ పేరు వ్రాయుటకు అయిదు నిమిషములు పట్టును, రుసుము లేదు. 2025లో వచ్చిన నియమములచే పదిమందివఱకు నామినీలను, ఎవరికెంత భాగమో చెప్పి, వ్రాయవచ్చును. నామినీ యనగా చట్టరీత్యా వారసుల పక్షమున సొమ్మందుకొను ధర్మకర్తయేగాని సర్వాధికారి గాడనియు తెలిసికొనుడు. ఆస్తి యెవరికి చెందవలెనో వీలునామాయందు వేఱుగ వ్రాయుడు.

అన్యాయము జరిగినచో మార్గమేది? మొదట బ్రోకరునకే వ్రాతమూలమున ఫిర్యాదు చేయుడు, సంఖ్య పుచ్చుకొనుడు. పరిష్కారము గాకున్న సెబీవారి స్కోర్స్ అను వేదికయందు నమోదు చేయుడు. 2024 ఏప్రిలునుండి నడచుచున్న దాని నూతనరూపమున బ్రోకరు 21 దినములలో సమాధానము దాఖలు చేయవలయును. అది తృప్తికరము గాకున్న పదునైదు దినములలో పునర్విచారణ కోరవచ్చును. పిమ్మట 2023లో నెలకొల్పిన స్మార్ట్ ఓడీఆర్ ద్వారా సంధి, మధ్యవర్తిత్వము కలవు. సంఘటన జరిగిన ఏడాదిలోపల స్కోర్స్‌లో ఫిర్యాదు చేయవలయును. ‘చూతములే’ యన్నవాని హక్కు కాలముతో కరగిపోవును. సెబీవారి ఉచిత ఫోను 1800 22 7575.

సభ్యులారా! చివరగ, చెప్పుటకు కొంత సంకోచము కలిగించు మాట యొకటి మిగిలినది. చెప్పకపోయిన ఈ ప్రసంగమే వ్యర్థము. నకిలీ యాప్‌లతో, వాట్సాప్ గుంపులతో జనులను దోచువారిని గూర్చి మీరు వినియున్నారు. వారినుండి తప్పించుకొనుటకు ఉపాయములు కలవు. సంస్థపేరు సెబీ పట్టికలో నున్నదో లేదో చూడవచ్చును. 2025 అక్టోబరునుండి నమోదైన బ్రోకర్లకు యూపీఐ చిరునామాలో ‘బీఆర్‌కే’ అను గుర్తును, ‘వ్యాలిడ్’ అను మాటయు గల ప్రత్యేకరూపమును సెబీ కల్పించినది. దానిని చూచి చెల్లింపవచ్చును. కాని వీరికంటె సూక్ష్మమైన యపాయము ‘మనవాడే కదా’ అను మాట. సంఘపు పేరుచెప్పి, వనభోజనములలో పరిచయము చేసికొని, ‘బాబాయిగారూ, ఖాతా నేను తెఱచిపెట్టెదను, ఓటీపీ నాకు చెప్పుడు, వ్యాపారము నేను చూచుకొనెదను’ అను యువకుడు దుష్టుడే కానక్కఱలేదు. ఆతనికి ఖాతాకింతయని ప్రతిఫలము కలదు, అంతే. కాని మీ రహస్యసంఖ్య ఆతని చేతిలోనున్న దినమున మీ షేర్లు మీవి గావు. బ్రోకరు ప్రతినిధికి సొమ్మును స్వయముగ పుచ్చుకొను నధికారము చట్టరీత్యా లేదు. సొమ్ము బ్రోకరు ఖాతాకే పోవలయును. బంధుత్వము ఆతిథ్యమునకు చాలును, అధికారపత్రమునకు చాలదు.

ఒకే సంఘమువారమను విశ్వాసము మన పూర్వులు విద్యార్థి వసతిగృహమును కట్టుటకును, పేదబాలురకు పుస్తకములిచ్చుటకును వినియోగించిన మూలధనము. దానిని పెట్టుబడిగ పెట్టి తరగు సంపాదించుటకు ఎవ్వరికి నధికారము లేదు. కావున ఈ మహాసభకు మూడు మనవులు చేయుచున్నాను. సంఘవేదికపైగాని, సంఘపత్రికలోగాని, సభ్యుల చిరునామాపట్టిక నుపయోగించిగాని ఏ బ్రోకరు ఖాతాలను, ఏ షేరు సలహాలను ప్రచారము చేయగూడదని తీర్మానింపుడు. ప్రతి జిల్లాశాఖయు, చదువుకొన్న ఇద్దఱు యువతీయువకులను నియమించి, వితంతువులకును వృద్ధులకును నామినీ దరఖాస్తు, వారసత్వ దరఖాస్తు, ఫిర్యాదు వ్రాయుటలో ఉచితముగ తోడ్పడజేయుడు. వారు సలహా చెప్పరాదు, రహస్యసంఖ్య అడుగరాదు. ప్రతి గృహస్థుడును ఒక చిన్న నోటుపుస్తకమున, ఏ సంస్థలో ఏ ఖాతా కలదో, నామినీ యెవరో వ్రాసి, రహస్యసంఖ్యలు వ్రాయక, భార్యకో బిడ్డలకో చూపియుంచవలయును. ఈ మూడింటికిని ఖర్చు లేదు.

వెలలేని సేవ చేయువాడు మిత్రుడు. చెప్పిన వెలకు చెప్పిన సేవ చేయువాడు వర్తకుడు. ఇద్దఱును లోకమునకు కావలసినవారే. వర్తకుని మిత్రునిగ భ్రమించుటవలననే గృహములు చెడుచున్నవి. రుసుము లెక్క వేయుడు, సేవ పరీక్షింపుడు, ఆ పిమ్మట నమ్ముడు.

 మీ యోగక్షేమములు, ఆ పదమునకు గల రెండర్థములందును, వర్ధిల్లుగాక!